ఇంట్లో ఒకరికి మెలకువ వచ్చినప్పుడు

తిరుపతిలో భక్తి ఎవరికీ కొత్త కాదు. మా వీధిలో శనివారం ఒంటిపూట ఉండని ఇల్లు అరుదు. అలిపిరి మెట్లు ఒక్కసారైనా ఎక్కని మనిషి కనిపించడు. గంగమ్మ జాతర వచ్చిందంటే ఎంత చదువుకున్న కుర్రవాడైనా ఒంటికి నామంసుద్ద పూసుకుని బైరాగి వేషంలో బజారున నడుస్తాడు. ఇవన్నీ ఊరంతా కలిసి చేసేవి, ఇంటిల్లిపాదీ పాల్గొనేవి కాబట్టి వీటితో సంసారానికి పేచీ లేదు. పేచీ ఎప్పుడు వస్తుందంటే, ఇంట్లో ఒక్కరికి మాత్రమే లోపల ఏదో కదిలి, ఇన్నాళ్ళూ ముఖ్యమనుకున్నవి ముఖ్యం కావని తోచి, మిగిలిన వాళ్ళందరూ మాత్రం నిన్నటిలాగే పాలు, బడి, కరెంటు బిల్లు అంటూ తిరుగుతున్నప్పుడు వస్తుంది. ఈ స్థితి గురించి ప్రవచనాలలో వినిపించేది చాలా తక్కువ. వేదిక మీద ఉన్నవారు సాధకుడితోనే మాట్లాడతారు గానీ సాధకుడి ఇంట్లోవాళ్ళతో మాట్లాడరు.

మా ఇంట్లో అది మొదట మా ఆయనకు జరిగింది. 2021లో కోవిడ్ రెండో విడతలో మా బావగారు పోయారు. ఆయనా ఈయనా ఒకే కంచంలో తిని పెరిగిన అన్నదమ్ములు. కర్మకాండలు ముగిసిన తరువాత కూడా ఈయన పాత మనిషి కాలేదు. మొదట అది దుఃఖమనే అనుకున్నాం. మన పెద్దలు పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మూడింటిని చెప్పి, మూడూ నిలవవని నవ్వేవారు గదా, ఇదీ ఆ మూడోదే అనుకుని మా అత్తమ్మ కూడా ధైర్యం చెప్పింది. అది నిలిచింది. దుకాణం మూసి వచ్చాక టీవీ ముందు కూర్చునే మనిషి ధ్యానానికి కూర్చోవడం మొదలుపెట్టారు. ఉల్లి, వెల్లుల్లి మానేశారు. పెళ్ళిళ్ళకు రావడం తగ్గించారు. తెల్లవారుజామున మూడున్నరకే లేచి పూజగది తలుపు వేసుకునేవారు. ఆ మార్పులో అబద్ధం ఏమీ లేదని నేను మొదటి నుంచీ నమ్మాను, ఎందుకంటే లెక్కలు చెప్పించేటప్పుడు మా అబ్బాయి మీద చెయ్యెత్తే అలవాటు దానంతట అదే పోయింది. కొడుకును పోగొట్టుకున్న తల్లి పక్కన గంటసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చోగల ఓపిక ఆయనకు అప్పుడే వచ్చింది.

కానీ ఆయన కళ్ళు మూసుకున్న గంటలో ఇల్లు కళ్ళు మూసుకోదు. మోటారు వేయాలి, పాలు కాచాలి, ఇద్దరు పిల్లలకు క్యారియర్లు కట్టాలి, అత్తమ్మకు టిఫినుకు ముందు వేసే మాత్ర, తరువాత వేసే మాత్ర విడివిడిగా తీసి పెట్టాలి, ఆపైన నేను ఆఫీసుకు బయలుదేరాలి. ఇదివరకు ఇందులో కొంత ఆయన చేసేవారు. ఆయన ధ్యానంలోకి వెళ్ళిన గంట ఆకాశం నుంచి ఊడిపడలేదు, నా పొద్దులోంచి వెళ్ళింది. నేను చెప్పదలచుకున్న విషయం ఇదే. సంసారంలో ఉన్న మనిషి సాధనకు వాడుకునే సమయం ఎప్పుడూ ఇంకొకరు ఇచ్చినదే అయి ఉంటుంది. అది అడిగి తీసుకున్నదా, చెప్పకుండా తీసుకున్నదా, తిరిగి ఇస్తున్నదా అనేవి ఆధ్యాత్మిక ప్రశ్నలు కావనీ, ఇంటి గొడవలనీ చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. వైరాగ్యం ఒకరిది, చాకిరీ ఇంకొకరిది అయినప్పుడు ఆ వైరాగ్యం ఎంతవరకు పండిందో చూడడానికి అంతకంటే మంచి కొలత నాకు కనిపించలేదు.

ఈ మాట అంటే వెంటనే ఎదురయ్యే జవాబు ఒకటుంది: సంసారమే తపస్సు, వంటిల్లే యజ్ఞశాల, పిల్లల పెంపకమే పూజ అని. ఆ మాట తప్పని అనను. అయితే అది అనేవారిలో ఎక్కువమందికి కాఫీ వేళకు చేతికి అందుతూ ఉంటుంది. ఇల్లు నడపడమే తపస్సయితే మా అవ్వల తరంలో ఆడవాళ్ళందరూ మునులై ఉండాలి. ఒకరిద్దరు నిజంగానే అయ్యారు కూడా, నేను చూశాను. మిగిలినవారు అలసిపోయారు, అంతే. పని పనిగానే ఉంటుంది. దానిలో మనసు ఎక్కడుందో చూసుకోవడానికి ఎప్పుడో ఒకప్పుడు పని ఆగే చోటు కావాలి, ఆ చోటు ఇంట్లో అందరికీ దొరకాలి. కొన్నాళ్ళకు నాకూ కూర్చోవాలనిపించినప్పుడు ఈ సంగతి బాగా తెలిసింది. ఆయన పూజగదిలో కూర్చుంటే పిల్లలు పిల్లుల్లా నడుస్తారు. నేను అదే పీట మీద కూర్చుంటే, నా సాక్సు ఎక్కడమ్మా అని తలుపు తోసుకుని వస్తారు. నాన్న ధ్యానంలో ఉన్నారంటే ఇంటికి అదొక గౌరవం, అమ్మ ధ్యానంలో ఉందంటే అమ్మ ఖాళీగా ఉందని అర్థం. పిల్లలది తప్పు కాదు, చుట్టూ చూసినదాన్ని బట్టి నేర్చుకున్నారు.

మన ఊరి దేవుడి కథలు మాత్రం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంటాయి. ఏడుకొండల స్వామి సంసారి. పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడని, ఇంకా వడ్డీ కడుతూనే ఉన్నాడని చెప్పుకుంటాం. ఆ డబ్బు కొలిచి కొలిచి అలసిన అన్నగారు గోవిందరాజస్వామి కుంచం తల కింద పెట్టుకుని ఊరి నడుమ పడుకున్నాడంటాం. అమ్మవారు తిరుచానూరులో వేరే కాపురం ఉంటుంది. కార్తీక బ్రహ్మోత్సవాల్లో పంచమీతీర్థం రోజున కొండ మీద నుంచి ఆమెకు పసుపు, కుంకుమ, చీరలతో సారె దిగివస్తుంది. జాతరకు చెల్లెలు గంగమ్మకూ పుట్టింటి సారె వెళ్ళవలసిందే. అప్పు, వడ్డీ, అన్నదమ్ముల సాయం, ఆడపడుచుకు పెట్టుపోతలు, ఇన్ని లెక్కలున్న దేవుడి దగ్గరికి వెళ్ళి, లెక్కలు నాకు పట్టవు స్వామీ అని చెప్పుకోవడం ఎలా కుదురుతుందో నాకు అర్థం కాదు.

అన్నమయ్య (1408–1503) కథ ఈ కోణం నుంచి చదివితే ఇంకా బాగుంటుంది. ఆయన చరిత్రను ద్విపదలో రాసింది సొంత మనవడు చిన్నన్నే. ఉమ్మడి కుటుంబంలో పనీపాటూ లేకుండా పాడుకుంటూ తిరుగుతున్నాడని విసుక్కుని ఇంట్లోవాళ్ళు గడ్డి కోసుకు రమ్మని పంపారట. కొడవలి వేలికి తగిలి నెత్తురు వచ్చింది, ఈ బంధాలేవీ నావి కావనిపించింది, అటుగా వెళ్తున్న యాత్రికులతో కలిసి తిరుమల బాట పట్టాడు. అక్కడితో కథ ముగిసి ఉంటే అది మామూలు సన్యాసి కథ అయ్యేది. అలా ముగియలేదు. ఆయన తిరిగి ఇంటికి వచ్చాడు, తిమ్మక్కను, అక్కలమ్మను పెళ్ళి చేసుకున్నాడు, బిడ్డలను కన్నాడు, రోజుకొక్కటైనా స్వామి మీద పాట కడుతూ బ్రతికాడు. తిమ్మక్క తెలుగులో తొలి కవయిత్రిగా పేరు పొందింది. కొడుకు పెద తిరుమలాచార్యుల కాలంలో ఆ పాటలు రాగిరేకుల మీదికి ఎక్కాయి. ఆ రేకులు గుడిలోని సంకీర్తనా భాండాగారంలో ఉండి 1922లో బయటపడ్డాయి. ముప్పైరెండు వేలు అని చెప్పే ఆ పాటల్లో ఈరోజు మన చెవిన పడుతున్నవన్నీ ఒక ఇంటి మూడు తరాల శ్రమ వల్ల మిగిలినవే. ఏ సంసారాన్ని బంధమని వదిలి మెట్లెక్కాడో ఆ సంసారమే ఆయన పాటను మోసింది.

అందరికీ అలా జరగలేదన్నది కూడా ఇదే నేల మీది సత్యం. భక్త కవయిత్రి తరిగొండ వెంగమాంబకు చిన్ననాటనే పెళ్ళి అయింది, చిన్ననాటనే భర్త పోయాడు. ఆ కాలం వితంతువుకు విధించిన ఆచారాలకు ఆమె తల వంచలేదు. ఊరు ఆమెను ఉండనివ్వలేదు. చివరకు ఆమె తిరుమలలోనే ఉండిపోయి 1817లో అక్కడే తనువు చాలించింది. ఏకాంతసేవలో ఈనాటికీ ఆమె పేరుతో ముత్యాల హారతి ఇస్తున్నారు, కొండ మీద వేలాదిమంది భోజనం చేసే అన్నప్రసాద భవనానికి ఆమె పేరే ఉంది. సమతూకం సాధించుకోవమ్మా అని ఆమెకు చెప్పడానికి అవతలి తట్టలో ఇల్లనేదే లేకపోయింది. అందుకే ఇల్లు వదిలిన వారందరినీ ఒకే గాటన కట్టి విమర్శించడం నాకు ఇష్టం ఉండదు. ఇల్లు వదలడం ఒకటి, ఇంట్లో ఉంటూనే ఇంటిని వదిలేయడం ఇంకొకటి. నాకు రెండోదానితోనే పేచీ. యాజ్ఞవల్క్య మహర్షి అంతటివాడు కూడా ఇల్లు వదిలి బయలుదేరే ముందు ఇద్దరు భార్యలకూ ఉన్నది పంచాలనుకున్నాడని బృహదారణ్యకోపనిషత్తు చెబుతుంది. ఆ ఆస్తితో అమృతత్వం వస్తుందా అని మైత్రేయి అడిగిన ప్రశ్న వేల ఏళ్ళుగా నిలిచింది. రెండో భార్య కాత్యాయని ఏమన్నదో ఆ ఘట్టంలో లేదు. నాకు ఆమె మీదే ఎక్కువ ఆసక్తి.

గృహస్థుకు మన శాస్త్రం పెట్టిన నిత్యవిధి చూసినా సంగతి తెలుస్తుంది. పంచమహాయజ్ఞాలంటే చదవడం, చదివించడం ఒకటి, దేవతలకు చేసే అర్చన ఒకటి, పితరులకు వదిలే నీళ్ళు ఒకటి, ఇంటికి వచ్చిన మనిషికి పెట్టే అన్నం ఒకటి, కాకికీ కుక్కకూ చీమకూ వేసే ముద్ద ఒకటి. ఐదింటిలో ఒక్కటి కూడా తలుపు వేసుకుని ఒంటరిగా చేసేది కాదు. సన్యాసికి పెట్టిన దినచర్యను తెచ్చి గృహస్థు ఇంట్లో అమర్చబోతేనే ఇబ్బంది అంతా వస్తుంది.

మా ఇంట్లో ఇది ఒక ఆదివారం మధ్యాహ్నం తేలింది. తేల్చింది నేను కాదు, మా అత్తమ్మ. మూడున్నరకు లేచి, పగలు దుకాణంలో కునికిపాట్లు పడి, సాయంత్రం పిల్లలు పలకరిస్తే విసుక్కుంటున్న కొడుకును చూసి, “కొండ మీద స్వామిని లేపేదానికి అర్చకులుండారు నాయనా, నీ బిడ్డల్ని లేపేదానికి ఎవరుండారు?” అంది. ఆయన నవ్వారు గానీ మాట తగిలింది. ఆ రోజు కూర్చుని మాట్లాడుకున్నప్పుడు మూడున్నర అన్న లెక్క ఎక్కడిదో ఆయనకే తెలియదని బయటపడింది, ఏదో వీడియోలో విన్నారట. బ్రాహ్మీ ముహూర్తమంటే సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాల ముందు ముగిసేది. మా ఊళ్ళో జనవరి చివర సూర్యుడు 6.40 ప్రాంతంలో ఉదయిస్తాడు, అంటే ఆ రోజుల్లో ఐదు గంటలు దాటాక లేచినా చాలు. వేసవిలో మాత్రం నాలుగూ పది ప్రాంతానికే అది మొదలవుతుంది. శాస్త్రం అడిగిన దానికంటే మనం ఎక్కువ చేస్తే అది చాలాసార్లు సాధన కాదు, పట్టుదల.

అప్పటి నుంచి వారాన్ని పంచుకున్నాం. కొన్ని తెల్లవారుజాములు ఆయనవి, కొన్ని నావి. నావి అయిన రోజున క్యారియర్లు ఆయన కట్టాలి. మొదట్లో పిల్లలు భయపడ్డారు, తరువాత ఆ రోజుల కోసమే ఎదురుచూశారు, ఎందుకంటే ఆయన ఊరిబిండి, అంటే వేరుశెనగ పచ్చడి, నాకంటే బాగా చేస్తారు. చెనిక్కాయలు సన్నసెగ మీద వేయించి, చేటలో పోసి, అరచేతులతో నలిపి పొట్టు ఊదేస్తారు. ఎండుమిరప, చింతపండు, ఉప్పు వేసి మిక్సీలో నీళ్ళు చిలకరిస్తూ బరకగా తిప్పుతారు. ఆ పొట్టు గాలికి లేచి వంటింటి కిటికీ కమ్మీలకు అంటుకుంటుంది, అది తుడవడం మాత్రం ఇంకా నా వంతే. ఉల్లి, వెల్లుల్లి ఆయన వరకే మానేశారు. నా వంటకు ఆ నియమం లేదు. ఒకరి నియమం ఇంటిల్లిపాదికీ శిక్ష కాకూడదని నేను గట్టిగా పట్టుబట్టిన విషయం అదొక్కటే.

పిల్లల సంగతి దీనికంటే సున్నితమైనది. పెద్దవాళ్ళం మాటలతో తేల్చుకోగలం, పిల్లలు గమనిస్తారు గానీ అడగరు. మా అమ్మాయి ఒకనాడు సాంఘికశాస్త్రం పుస్తకంలో సిద్ధార్థుడి పాఠం చదువుతూ, “నువ్వు కూడా బుద్ధుడి మాదిరి రాత్రిపూట వెళ్ళిపోతావా నాన్నా?” అని అడిగింది. గొంతులో ఆటపట్టించే ధోరణి ఉంది, కళ్ళలో లేదు. మౌనం, తగ్గిన భోజనం, మూసిన తలుపు, వీటన్నిటినీ కలిపి ఆ పిల్ల ఎన్ని రోజులుగా ఆ వాక్యాన్ని కూర్చుకుందో మాకు తెలియదు. ఆయన పుస్తకం పక్కన పెట్టించి, తాను ఎక్కడికీ వెళ్ళనని, కూర్చున్నప్పుడు ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో, పెదనాన్న పోయాక తనకు ఎంత భయం వేసిందో ఆ పిల్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పారు. ఇంట్లో ఎవరైనా ఈ దారిలోకి వచ్చినప్పుడు ముందుగా చెప్పవలసింది పిల్లలకేనని నా అభిప్రాయం. గురువు గురించి, చక్రాల గురించి కాదు, నేను ఎక్కడికీ పోవడం లేదన్న సంగతి చెప్పాలి.

సాక్షీభావం అనే మాట ఈ దారిలో తరచు వినిపిస్తుంది. మనసులో లేచే కోపాన్ని, భయాన్ని చూస్తూ ఉండు, వాటితో కొట్టుకుపోకు అని దాని సారం. మన మనసు వరకు అది ఎంతో మేలు చేస్తుంది. దాన్ని పిల్లల మీదికి తిప్పితేనే ప్రమాదం. పరీక్షలో తక్కువ మార్కులు వచ్చి ఏడుస్తున్న పిల్లకు ఇవన్నీ వచ్చిపోయేవేనమ్మా అని చెబితే తండ్రికి అది సమత్వం, పిల్లకు అది తన బాధ తండ్రికి పట్టలేదన్న సమాచారం. పన్నెండేళ్ళ వయసులో మార్కులు వచ్చిపోయేవి కావు. జ్వరంతో ఉన్న పిల్లవాడికి సాక్షి అక్కరలేదు, నుదుటి మీద తడిగుడ్డ మార్చే చెయ్యి కావాలి. అలాగే మనకు రుచించినదాన్ని వాళ్ళకు కుక్కడం కూడా సరికాదు. కూర్చో, కళ్ళు మూసుకో, కదలకు అని రోజూ వెంటపడితే ధ్యానం కూడా ట్యూషనే అవుతుంది. మా అబ్బాయి వచ్చి నాన్న ఒడిలో కూర్చుని రెండు నిమిషాలకే లేచి పోతాడు. వాడిని ఎవరూ ఆపరు, ఎవరూ మెచ్చుకోరు కూడా.

కిందటి శ్రావణంలో నలుగురం అలిపిరి నుంచి నడిచి వెళ్ళాం. 3,550 మెట్లని చెప్పే ఆ దారిలో ఆయనకు మాట్లాడకుండా నామం చెప్పుకుంటూ ఎక్కాలని కోరిక. అబ్బాయికి జింకల దగ్గర ఆగాలని, ఉప్పుకారం చల్లిన మామిడికాయ ముక్కలు కొనుక్కోవాలని, మోకాళ్ళ పర్వతం ఎంత దూరమో ప్రతి మలుపులోనూ అడగాలని కోరిక. ఆయన మౌనం గాలిగోపురం దాకా కూడా నిలవలేదు. ఆ దారిలోనే ఒక తల్లీకూతుళ్ళను చూశాం. తల్లి ప్రతి మెట్టుకూ వంగి మూడు వేళ్ళతో పసుపు రాసి కుంకుమ పెడుతోంది. ఎనిమిదేళ్ళ పాప ఒక మెట్టు ముందు నిలబడి కర్పూరం బిళ్ళ పెడుతోంది, అగ్గిపుల్ల గీసేది మాత్రం తల్లి. గాలికి పుల్ల ఆరిపోయినప్పుడల్లా పాప తన గౌను అంచు అడ్డం పట్టబోతుంటే తల్లి చేత్తో నెట్టేసి, “కాలుతుందే, దూరం జరుగు” అని కసిరి, మళ్ళీ గోవింద నామం అందుకుంటోంది. ఆ కసురు ఎక్కడ ఆగిందో, నామం ఎక్కడ మొదలైందో వినేవాళ్ళకు తెలియలేదు. మా ఆయన కొంతసేపు నిలబడి చూసి, ఆపైన అబ్బాయి వేసే ప్రశ్నలకు జవాబులు చెబుతూనే ఎక్కారు.

ఇంకొక విషయం చెప్పకపోతే ఈ రాత అసంపూర్ణమవుతుంది. ఆకలి పోవడం, నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఏడుపు రావడం, ఎవరితోనూ కలవాలనిపించకపోవడం అన్నీ వైరాగ్యపు లక్షణాలు కావు. అవి కుంగుబాటు లక్షణాలు కూడా. ముఖ్యంగా ఇంట్లో ఒక చావు జరిగిన తరువాత, కాన్పు అయిన తరువాత ఈ రెండింటినీ వేరు చేసి చూడడం ఇంట్లోవాళ్ళ వల్ల కాదు. వారాల తరబడి ఇలా ఉంటే, చెవిలో మాటలు వినిపిస్తున్నాయన్నా, రాత్రుళ్ళు నిద్రే అక్కరలేనంత ఉత్సాహం వచ్చిందన్నా, మానసిక వైద్యుడికి చూపించాలి. గురువుగారిని అడిగి చూద్దామని ఆగడం మంచిది కాదు. మేము చూపించాం. ఆయనకు కొన్నాళ్ళు మందులు వాడారు, ధ్యానం మానమని డాక్టరు అనలేదు, నిద్ర మాత్రం తగ్గించవద్దన్నారు. మందు వేసుకుంటే సాధన చెడుతుందని సలహా ఇచ్చిన బంధువులు కొందరున్నారు. వారిని పెళ్ళిళ్ళలో పలకరిస్తాం గానీ ఈ ఊసు ఎత్తం.

ప్రస్తుతం ఇంట్లో చర్చ ఒక పదిరోజుల మౌన శిబిరం గురించి నడుస్తోంది. అక్కడ ఫోను అప్పగించాలి, రాయకూడదు, చదవకూడదు. ఆయనకు వెళ్ళాలని చాలాకాలంగా ఉంది. మొదట వచ్చిన తేదీలు అమ్మాయి పరీక్షల మీద పడుతున్నాయని ఆయనే వద్దన్నారు. ఇప్పుడు వేసవి సెలవుల్లో చూస్తున్నారు. ఆయన లేని పది రోజులు మా మరిది కొడుకు దుకాణం చూసుకుంటానన్నాడు. అత్తమ్మ మాత్రం రెండు షరతులు పెట్టింది: తన కంటి పరీక్ష ముందే చేయించి వెళ్ళాలని, ఆయన వచ్చాక నేను కూడా అలాంటిదానికి వెళ్ళివస్తానంటే పది రోజులూ వంట ఆయనే చేయాలని. మొదటిదానికి ఆయన వెంటనే ఒప్పుకున్నారు. రెండోదానికి ఊరిబిండి తప్ప ఇంకేం వచ్చునని పిల్లలు అడుగుతున్నారు. పప్పుచారు నేర్పడం ఈ వారమే మొదలుపెట్టాను.